ఆ పాఠాలు ఇచ్చేయండమ్మా, కానీ ముందు ఆ ఎక్స్‌రేల సంగతి చూడండి

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ. ఇక్కడికి గంటన్నర దూరంలో కొత్తగా వచ్చిన ఒక ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేస్తున్నాను. మూడేళ్లలో నా క్లాసుల కోసం నలభైకి పైగా స్లైడ్ పాఠాలు తయారు చేసుకున్నాను. ఆలిండియా కోటాలో వచ్చిన పిల్లలకు తెలుగు రాదు. పేషెంటు "పానం మంచిగ లేదు", "దమ్మొస్తంది" అంటే వాళ్లు నా ముఖం చూస్తారు. అందుకని వార్డులో పేషెంట్ల మాటలు ఫోన్లో రికార్డు చేసి, ఇంగ్లిష్ అర్థం జోడించి ఆడియో పాఠాలు కూడా చేశాను. ఇప్పుడు ఆసిఫాబాద్ వైపు పనిచేస్తున్న మా సీనియర్ అక్క మొత్తం ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మంటోంది. ఇవ్వాలనే ఉంది. కానీ పోయినేడు ఒకరికి పది స్లైడ్లు ఇస్తే నా పేరు తీసేసి, వాళ్ల లోగో పెట్టుకుని కాన్ఫరెన్సులో చూపించారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పైగా నా బొమ్మల్లో సగం గూగుల్‌లో దొరికినవే. ఇస్తే కాపీరైట్ గొడవ వస్తుందా? ఇవ్వకపోతే స్వార్థమా? విదేశాల వాళ్లు ఉచితంగా పెట్టిన పాఠాలను మన పిల్లలకు తగ్గట్టు మార్చుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్, హనుమకొండ

సమాధానం: అమ్మా, ఇవ్వండి. అయితే ఈ రాత్రికే పెన్‌డ్రైవ్‌లో వేసి పంపకండి. నలభై పాఠాలూ ఒక్కసారి ఇవ్వకండి. ముందు ఒక్కటి ఇవ్వండి, శుభ్రం చేసి ఇవ్వండి.

ఎందుకు ఇవ్వాలో ముందు చెబుతాను. మన వైపు ఎన్ని కొత్త కాలేజీలు వచ్చాయో చూడండి. కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. 2022లో మహబూబాబాద్, జగిత్యాల, మంచిర్యాల, రామగుండం వచ్చాయి. మరుసటి ఏడాది భూపాలపల్లి, జనగామ, సిరిసిల్ల, ఆసిఫాబాద్. 2024లో ములుగు, నర్సంపేట. వీటిలో ప్రతి చోటా మీలాంటి వాళ్లు డ్యూటీ దిగి, ఇంట్లో పని చేసుకుని, రాత్రి పదకొండింటికి లాప్‌టాప్ తెరిచి అదే కామెర్ల పాఠాన్ని, అదే రక్తహీనత పాఠాన్ని మొదటి స్లైడ్ నుంచి చేసుకుంటున్నారు. ఒకరు చేసింది ఇంకొకరికి అందితే మిగిలే ఆ సమయాన్ని పేషెంటు దగ్గర పిల్లలతో గడపొచ్చు.

మీ స్లైడ్ల కంటే మీ ఆడియోల గురించి నాకు ఎక్కువ సంతోషం కలిగింది. కామెర్ల మీద మంచి పాఠాలు ప్రపంచమంతా ఉన్నాయి. "దమ్మొస్తంది" అన్న మాటను రాజస్థాన్ నుంచి వచ్చిన పిల్లవాడికి అర్థమయ్యేలా చెప్పే పాఠం ఢిల్లీలోనూ ఉండదు, లండన్‌లోనూ ఉండదు. అది ఇక్కడే పుట్టాలి. మన హెల్త్ యూనివర్సిటీకి కాళోజీ పేరు పెట్టుకున్నాం. జనం మాట్లాడే మాటకే విలువ ఇవ్వాలని జీవితమంతా చెప్పిన మనిషి ఆయన. మీరు వార్డులో చేస్తున్నది ఆ పనే.

ఇక ఎక్స్‌రే సంగతి. నా తప్పు ఒకటి చెబుతాను. నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఊపిరితిత్తుల మీద ఒక పాఠం చేశాను. అందులో ఒక ఎక్స్‌రే, దాని మూలన పేషెంటు పేరు, వయసు, ఊరు. పేరు మీద నల్ల డబ్బా ఒకటి గీసి పెట్టాను, కనపడదులే అనుకున్నాను. వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడు అడిగితే ఫైలు పంపాను. ఆయన క్లాసులో ఎక్స్‌రేను కొంచెం పెద్దది చేసి చూపిద్దామని బొమ్మను పట్టుకుని లాగాడు. బొమ్మ జరిగింది, నల్ల డబ్బా ఉన్నచోటే ఉండిపోయింది. ప్రొజెక్టర్ మీద పేరు, ఊరు అంతా పెద్దక్షరాల్లో వచ్చింది. ఆ క్లాసులో ఒక పిల్లవాడిది అదే ఊరు. ఆ పేషెంటమ్మ మందులన్నీ వాడి బాగైన మనిషే. కానీ తనకు టీబీ వచ్చిందని అత్తగారింట్లో చెప్పుకోలేదు. ఆ మాట నా స్లైడ్ చెప్పేసింది. స్నేహితుడు ఆ సాయంత్రం ఫోన్ చేసి చెబుతుంటే నాకు నోట మాట రాలేదు. ఆమెను కలిసి క్షమించమని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. ఇన్నేళ్లయినా ఆ మౌనం నన్ను వదల్లేదు.

అందుకని మీరు మొదట చేయాల్సిన పని ఇదే. నలభై ఫైళ్లూ తెరిచి, పేషెంటుకు సంబంధించినవన్నీ ఏరండి. నల్ల డబ్బాను నమ్మకండి. క్రాప్‌ను కూడా నమ్మకండి. పవర్‌పాయింట్‌లో బొమ్మను క్రాప్ చేస్తే కత్తిరించిన ముక్క ఎటూ పోదు, లోపలే దాగి ఉంటుంది. ఫైలు అందుకున్నవాళ్లు ఒక్క క్లిక్కుతో దాన్ని బయటికి లాగొచ్చు. కంప్రెస్ పిక్చర్స్‌లో కత్తిరించిన భాగాలను తీసేయమనే టిక్కు పెట్టి సేవ్ చేస్తేనే అది పోతుంది. అంతకంటే సులువు, బొమ్మను బయటే కత్తిరించి, కొత్త బొమ్మగా సేవ్ చేసి, దాన్ని తెచ్చి పెట్టడం. స్లైడ్ కింద నోట్స్ కూడా చూడండి. "ఫలానా బెడ్, ఫలానా ఊరి ముసలాయన" అని మనకోసం రాసుకుని మరిచిపోతాం. ఫోన్లో తీసిన ఫొటోలైతే ఎక్కడ తీశారన్నది కూడా ఫైలు లోపల దాచుకుని ఉండొచ్చు. స్కాన్ సెంటర్ల నుంచి నేరుగా వచ్చే డైకామ్ ఫైళ్లలో పేరు బొమ్మ మీద లేకపోయినా లోపల రాసి ఉంటుంది.

మీ ఆడియోలు ఇంకా సున్నితమైనవి. గొంతు కూడా ముఖం లాంటిదే. ఊళ్లో వాళ్లు రెండు మాటలు విని "ఇది మన మల్లక్క గొంతు" అని గుర్తుపడతారు. రికార్డు చేసేటప్పుడు పేషెంటు సరేనన్నారని మీరు అనొచ్చు. దేనికి సరే అన్నారు? మీ క్లాసులో పది మందికి వినిపించడానికి. ఊరూ పేరూ తెలియని వాళ్లందరికీ పంచడానికి కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అదే అంటుంది. అనుమతి ఏ పనికి తీసుకున్నామో ఆ పనికే, ఇచ్చినవాళ్లు తర్వాత వద్దన్నా అనొచ్చు. మరి నలుగురికీ పంచేసిన ఫైలును వెనక్కి ఎలా తెస్తాం? అందుకే నా మాట కొంచెం కఠినంగా ఉన్నా వినండి. నిజమైన పేషెంటు గొంతుతో ఉన్నది ఒక్కటి కూడా బయటికి పంపకండి.

అలాగని ఆ పని వృథా కాదు. మీ దగ్గరున్న మాటలను కాగితం మీద రాసుకోండి. మీ వార్డు ఆయమ్మనో, స్టాఫ్ నర్సునో, మాటకారి అయిన ఇంటర్న్‌నో కూర్చోబెట్టి మళ్లీ చెప్పించండి. పేర్లు మార్చండి, ఊళ్లు తీసేయండి, రెండు మూడు కేసులను కలిపి ఒకటి చేయండి. "పొద్దుగాల లేస్తె దమ్ము, నాలుగడుగులు ఏస్తె దమ్ము, రెండు దిండ్లు ఏసుకుంటెనే నిద్ర పడ్తది" అని ఆయమ్మ చెబితే పాఠానికి ఏమీ తక్కువ కాదు. రెండు దిండ్ల మాట వినగానే గుండె వైపు ఆలోచించాలని పిల్లవాడికి ఆ గొంతుతోనే అర్థమవుతుంది. చెప్పినవాళ్ల దగ్గర మాత్రం ఒక కాగితం మీద సంతకం తీసుకోండి, పాఠంలో వాళ్ల పేరు వేయాలో వద్దో అడగండి. ఆయమ్మ తన పేరు వేయమంటే మీ పేరు పక్కనే వేయండి.

ఇప్పుడు బొమ్మల గొడవ. 1957 నాటి మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో టీచరు, విద్యార్థి బోధనలో భాగంగా వాడుకునే కాపీకి మినహాయింపు ఉంది. విద్యార్థులకు పుస్తకాల భాగాలు కాపీ చేసి ఇచ్చిన ఢిల్లీ యూనివర్సిటీ దగ్గరి జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ మినహాయింపును బాగా విశాలంగానే చూసింది. కాబట్టి టెక్స్ట్‌బుక్‌లోని బొమ్మను మీ క్లాసులో చూపించినందుకు మీరు నిద్ర పోగొట్టుకోవద్దు. కానీ క్లాసులో చూపించడం వేరు, ఎవరైనా తీసుకోండి అని నెట్‌లో పెట్టడం వేరు. రెండోదానికి ఆ మినహాయింపు గొడుగు పట్టదు. గూగుల్‌లో దొరికిందంటే ఉచితమని కాదు, ఎవరో పెట్టారని మాత్రమే.

మరి ఏం చేయాలి? బొమ్మలు మార్చాలి. దొరకవని అనుకోకండి. గ్రే అనాటమీ 1918 నాటి అమెరికన్ ఎడిషన్ బొమ్మలకు ఇప్పుడు కాపీరైట్ లేదు, ఉచిత బొమ్మల భాండాగారం వికీమీడియా కామన్స్‌లో ఉన్నాయి. ఆ పుస్తకం 1858లో మొదట వచ్చినప్పుడు దానికి బొమ్మలు వేసిన హెన్రీ వాన్‌డైక్ కార్టర్ ఆ తర్వాత మన బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీకి వచ్చి అనాటమీ చెప్పాడు. నాకు ఆ బొమ్మలంటే అందుకే ఇంకొంచెం ఇష్టం. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాళ్ల పబ్లిక్ హెల్త్ ఇమేజ్ లైబ్రరీలో పురుగులు, దద్దుర్లు, సూక్ష్మజీవుల ఫొటోలు చాలావరకు ఎవరైనా వాడుకోవచ్చు. అవయవాలు, కణాల రంగుల బొమ్మలకు సర్వియర్ మెడికల్ ఆర్ట్ ఉంది, పేరు చెబితే చాలు. ఇవేవీ కుదరకపోతే తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో మీరే గీసి ఫొటో తీయండి. బోర్డు మీద రోజూ గీస్తూనే ఉన్నారు కదా.

ఉచిత పాఠాల దగ్గర ఒక్క విషయం గమనించాలి. ఉచితంగా చదువుకోవచ్చు అనడం, మార్చుకోవచ్చు అనడం ఒకటి కాదు. క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి. పాఠం అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. బీవై అంటే చేసినవాళ్ల పేరు చెప్పాలి. ఎస్‌ఏ అంటే మీరు మార్చి పంచినప్పుడు దాన్ని కూడా ఇదే షరతుతో వదలాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడొద్దు. ఎన్‌డీ అంటే మార్చి పంచొద్దు. ఈ నాలుగు ముక్కలు పట్టుకుంటే చాలు. ఉదాహరణకు స్టాట్‌పర్ల్స్ వ్యాసాలు మన పీజీలు రోజూ చదువుతారు. వాటి మీద ఎన్‌డీ ఉంది, అంటే తెలుగు చేసి నలుగురికీ పంచకూడదు. రేడియోపీడియా ఎక్స్‌రేలకు ఎన్‌సీ షరతు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురణలు చాలావరకు తెలుగు చేసుకోవచ్చు. అయితే ఈ అనువాదం ఆ సంస్థ చేసింది కాదని, తప్పొప్పులకు దానికి బాధ్యత లేదని, ఇంగ్లిష్ ప్రతే ప్రమాణమని రాయాలి.

మార్చడమంటే అనువాదం ఒక్కటే కాదు. నన్నడిగితే అసలు పని అక్కడే ఉంది. బ్రిటన్ పాఠంలో షుగర్ 7 అని ఉంటుంది. వాళ్ల కొలత మిల్లీమోల్. 18తో హెచ్చిస్తే మన మిల్లీగ్రాముల లెక్కలో 126. అది పరగడుపున డయాబెటిస్ మొదలయ్యే గీత. మన పిల్లవాడు కొలత చూడకుండా అంకె మాత్రం చూస్తే పేషెంటుకు షుగర్ పడిపోయిందని గ్లూకోజ్ పెట్టడానికి పరుగెత్తుతాడు. అమెరికా పాఠంలో ఎపినెఫ్రిన్ అంటే మన అడ్రినలిన్, అసిటమినోఫెన్ అంటే మన పారాసిటమాల్. 911కు ఫోన్ చేయమని ఉన్నచోట 108 రాయాలి. షుగర్ పేషెంటు తిండి పాఠంలో ఓట్స్, బ్రెడ్ బదులు మక్క గట్క, జొన్న రొట్టె, రెండు పూటలా అన్నం రావాలి. దద్దుర్లు ఎర్రగా ఉంటాయని తెల్లతోలు ఫొటో చూపిస్తారు. మన రైతు కూలీ వీపు మీద ఆ ఎరుపు కనపడదు, నల్లబారినట్టో ఊదా రంగులోనో ఉంటుంది, చేత్తో తడిమితేనే తెలుస్తుంది.

పాముకాటు పాఠం తీసుకోండి. అక్కడ రాటిల్ స్నేక్ ఉంటుంది. మన దగ్గర నాట్ల కాలంలో వచ్చేది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర కాటు. ఈ నాలుగింటికీ కలిపే మన యాంటీవీనమ్ తయారవుతుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, గడ్డకట్టిందా లేదా అని వంచి చూసే పరీక్ష మన పిల్లలకు కళ్లారా చూపించాలి. కట్లపాము కాటు గాటు కూడా సరిగా కనపడదని, రాత్రి నేల మీద పడుకున్న మనిషి పొద్దున కడుపునొప్పి అని, రెప్పలు వాలిపోయి వస్తే అది కాటు కావొచ్చని చెప్పాలి. ఇవన్నీ రాసేసరికి అసలు పాఠంలో పదో వంతు మిగిలితే మిగులుతుంది. మిగిలిన ఆ పదో వంతుకు కూడా వాళ్ల పేరు చెప్పండి, ఏం మార్చారో ఒక వాక్యం రాయండి. ప్రతి పాఠం చివర పాఠం పేరు, ఎవరిది, ఎక్కడిది, ఏ లైసెన్సు, నేను ఏం మార్చాను అని ఒక స్లైడ్ పెట్టుకుంటే మీ తర్వాత తీసుకునేవాళ్లకు వెతుకులాట ఉండదు.

మీ సొంత పాఠాలకు ఏ లైసెన్సు పెట్టాలని అడగలేదు కానీ, మీ భయానికి మందు అక్కడే ఉంది కాబట్టి చెబుతాను. కోచింగ్ సెంటర్లు అమ్ముకుంటాయని చాలామంది ఎన్‌సీ పెడతారు. నేను పెట్టను. ఫీజులు తీసుకునే ప్రైవేటు కాలేజీలో పాఠం చెప్పే టీచరుకు అది వ్యాపారమా కాదా అన్న అనుమానం వస్తుంది, అనుమానం వచ్చినవాళ్లు వాడరు. పైగా ఎన్‌సీ పెట్టినవి వికీమీడియా కామన్స్ తీసుకోదు. బీవై, ఎస్‌ఏ రెండూ కలిపి పెట్టండి. ఎవరైనా వాడుకోవచ్చు, మీ పేరు చెప్పి తీరాలి, మార్చి పంచితే వాళ్లు కూడా అలాగే అందరికీ వదలాలి. పేరు తీసేస్తే ఆ అనుమతే రద్దవుతుంది. తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే మళ్లీ వస్తుంది. ఇందులో నాకు నచ్చేది అదే, మనిషికి దిద్దుకునే అవకాశం ఇస్తుంది. ఒకసారి ఇచ్చిన ఈ లైసెన్సును మీరు వెనక్కి తీసుకోలేరని మాత్రం గుర్తుంచుకోండి. వేరేవాళ్ల దగ్గర తెచ్చిన బొమ్మలకు మీ లైసెన్సు అంటదు, ఏ బొమ్మకు ఆ బొమ్మ కిందే దాని షరతు రాయండి.

ఇంకో మెలిక ఉంది. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, మొదటి హక్కుదారు యజమానే అని చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. మీరు ప్రభుత్వ ఉద్యోగి. మీ హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపల్‌కు ఒక పేజీ ఉత్తరం పెట్టండి. ఈ పాఠాలు, ఈ లైసెన్సు, పేషెంటు వివరాలు ఏవీ లేవు అని రాసి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. నెల పట్టినా పట్టనివ్వండి. తర్వాత ఎవరైనా వేలెత్తి చూపితే ఆ కాగితమే మిమ్మల్ని కాపాడుతుంది.

ఫైళ్ల విషయానికొస్తే, పీడీఎఫ్ ఒక్కటే ఇస్తే అవతలివాళ్లు ఏమీ మార్చుకోలేరు, స్లైడ్ ఫైలు కూడా ఇవ్వండి. తెలుగు అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటే అక్కడి కంప్యూటర్‌లో పిచ్చి గీతలు, ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చండి. ఆడియో 64 కేబీపీఎస్ మోనోలో పెడితే నిమిషానికి అర ఎంబీ కూడా కాదు, సిగ్నల్ సరిగా లేని హాస్టల్లో కూడా దిగుతుంది. ఫైలు పేరులో తేదీ పెట్టండి, మొదటి స్లైడ్ మీద "చివరిసారి సరిచూసింది" అని నెల, సంవత్సరం రాయండి. ఇది చిన్న విషయం కాదు. టీబీ మందులు వారానికి మూడుసార్లు ఇచ్చే పద్ధతి పోయి రోజూ ఇచ్చే పద్ధతి దేశమంతా 2017లో వచ్చింది. వారానికి మూడుసార్లు అని ఉన్న పాత స్లైడ్ ఒకటి తేదీ లేకుండా వాట్సాప్‌లో తిరుగుతుంటే, కొత్తగా చదివే పిల్లవాడికి అది పాతదని ఎలా తెలుస్తుంది?

పెట్టడానికి జెనోడో మంచిది. ఐరోపా అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే ఉచిత భాండాగారం. మీ పాఠానికి డీఓఐ అనే శాశ్వత నంబరు ఇస్తుంది, సరిదిద్దిన ప్రతిని వెర్షన్‌గా చేర్చుకోవచ్చు. మీ పేరుతో, తేదీతో అక్కడ ఉంటే రేపు ఎవరో లోగో అతికించి చూపించినా ముందు ఎవరు చేశారో నంబరే చెబుతుంది. ఇన్నాళ్లూ మీ పాఠాలకు మీ లాప్‌టాప్ తప్ప సాక్ష్యం లేదు. అందుకే పోయినేడు ఆ పది స్లైడ్లు తీసుకున్నాయన అంత తేలిగ్గా పేరు తీసేయగలిగాడు.

ఆయన విషయంలో మీ బాధ న్యాయమైనది. దాన్ని మింగేసి ఊరుకోమని చెప్పను. నలుగురిలో నిలదీయమని కూడా చెప్పను. ఒక మర్యాద ఉత్తరం రాయండి: "సార్, ఫలానా పది స్లైడ్లు నేను చేసి మీకు ఇచ్చినవి. ఇకముందు వాడేటప్పుడు నా పేరు, మా కాలేజీ పేరు వేయగలరు. కొత్త ప్రతి కూడా పంపుతున్నాను." జవాబు రాకపోయినా రాయడం మీ హక్కు. ఒకరు చేసిన దానికి ఆసిఫాబాద్‌లో ఉన్న అక్కకు శిక్ష వేయొద్దు.

అక్కకు ఈ రోజే ఫోన్ చేయండి. మొత్తం ఎందుకు ఇవ్వలేకపోతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి, పై నెలలో ఆయాసం పాఠం పంపిస్తానని చెప్పండి. "దమ్ము" అన్న ఆడియోతో మొదలుపెట్టండి. అక్క పనిచేసే చోట గోండు తల్లులు ఓపీకి వస్తారు. వాళ్లలో చాలామందికి మన తెలుగు కూడా పరాయి భాషే. ఊపిరి ఆడకపోతే వాళ్ల ఇంట్లో ఏమంటారో, అక్కడి గోండు నర్సు ఎవరైనా ఉంటే ఆమె గొంతుతో చెప్పించి, మీ పాఠానికి కలిపి తిరిగి పంపమని అక్కను అడగండి.